పటంలో వెతుక్కునే దేశంలో ఒక ఏడాది

విదేశీ చదువంటే మనకు గుర్తొచ్చేవి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా. డిగ్రీ మాట, ఉద్యోగం మాట పక్కనపెట్టి, పేరు కూడా సరిగా వినని ఓ చిన్న దేశంలో ఒక ఇంటి బిడ్డగా ఉంటూ, అక్కడి బడికి వెళ్తూ ఏడాది గడిపి రావడమూ చదువే. ఆ ఏడాది ఎలా ఉంటుంది? పిల్లలకు ఏమిస్తుంది? మన దగ్గర దానికి ఎందుకు చోటు లేదు? ఎస్టోనియా ఉదాహరణగా ఈ వారం ముఖచిత్ర కథనం.

సెప్టెంబరు 1 ఉదయం. ఎస్టోనియాలో బడులన్నీ ఆ రోజే తెరుస్తారు. రాజధాని టాలిన్ వీధుల్లో ఏ పిల్లాణ్ని చూసినా చేతిలో పూలగుత్తి ఉంటుంది. టీచరుకు ఇవ్వడానికి తెచ్చే పూలవి. బడి హాల్లో అందరూ సర్దుకున్నాక పన్నెండో తరగతి వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఒకటో తరగతి బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తారు. ఈ ఏడాదితో బడి వదిలివెళ్లే వాళ్లు, ఈ రోజే బడిలో అడుగుపెట్టే ఏడేళ్ల వాళ్లను నడిపించుకొస్తుంటే హాలంతా చప్పట్లు. చిన్నవాళ్ల చేతుల్లో తొలి వాచకం పెడతారు. బడి గాయక బృందం పాట అందుకుంటుంది.

ఆ హాల్లో పదకొండో తరగతి వరుసలో ఓ తెలుగమ్మాయిని ఊహించుకోండి. వరంగల్ నుంచో ఏలూరు నుంచో వచ్చింది. పదహారేళ్లు. చుట్టూ మాట్లాడుతున్న భాషలో ఒక్క ముక్క తెలియదు. అందరూ ఆమెను గమనించారు, ఎవరూ వచ్చి పలకరించలేదు. వాళ్లకు పొగరేమీ లేదు. కొత్తవాళ్లతో వెంటనే మాట కలపడం ఆ దేశంలో అలవాటు లేదు, అంతే. ఆ పిల్లకు మాత్రం ఆ సంగతి తెలియడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. ఈ కథనం పొడవునా ఆమె వెంటే వెళ్దాం.

ఇప్పుడీ మాట ఎందుకంటే...

2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాలకూ, ఎక్స్ఛేంజ్ వీసాలకూ కొత్త ఇంటర్వ్యూ తేదీలివ్వడం అమెరికా ఆపేసింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ మొదలుపెట్టి, దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామంది. ఆ కొన్ని వారాలూ తెలుగిళ్లలో వేరే మాట లేదు. ఒక్క దేశం తలుపు ఓరగా వేస్తేనే మన పిల్లల భవిష్యత్తంతా ఆగిపోయినట్టు ఎందుకనిపించింది? ఆ దిగులులో తప్పు లేదు, అప్పులు చేసి పంపుతున్న తల్లిదండ్రుల బాధ నిజమైనది. కానీ ‘ఇంకెక్కడికి పంపాలి’ అన్న ప్రశ్నతో పాటు ‘అసలు దేనికి పంపుతున్నాం’ అని కూడా అడుక్కోవాల్సిన సమయమిది.

ఇలా వేరే దేశపు ఇంట్లో ఉండి చదువుకునే ‘ఎక్స్ఛేంజ్ ఏడాది’ పుట్టింది ఉద్యోగాల కోసం కాదు, యుద్ధాల వల్ల. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, ఫ్రాన్స్ రణరంగంలో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేర్చడానికి కొందరు అమెరికన్ యువకులు అంబులెన్సులు నడిపారు. అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అనే ఆ స్వచ్ఛంద దళమే రెండో యుద్ధంలోనూ పనిచేసింది. రెండు యుద్ధాల్లోనూ శవాలను, క్షతగాత్రులను మోసినవాళ్లకు ఒకటి అర్థమైంది. పక్క దేశం ఇంట్లో ఏడాది పాటు అన్నం తిన్న పిల్లవాడికి ఆ దేశం మీద తుపాకి ఎత్తడం కష్టమవుతుంది. 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను అమెరికా కుటుంబాల్లో ఉంచి చదివించారు. ఇవాళ ఏఎఫ్‌ఎస్ అని పిలిచే సంస్థ అదే. 1951లో యుద్ధంలో చితికిపోయిన జర్మనీ నుంచి 75 మంది పిల్లలు మిషిగన్ రాష్ట్రంలోని ఇళ్లకు వచ్చారు. అలా మొదలైంది యూత్ ఫర్ అండర్‌స్టాండింగ్, పొట్టిగా వైఎఫ్‌యూ. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత, 1990ల తొలినాళ్లలోనే, అది ఎస్టోనియాలో పని ప్రారంభించింది.

ఆతిథ్యమిచ్చే కుటుంబాలకు ఈ సంస్థలు డబ్బివ్వవు. ఓ గది, మూడు పూటలా భోజనం, ఇంటి బిడ్డల్లో ఒకరిగా చూసుకునే మనసు. అవన్నీ ఉచితమే. ఈ ఏర్పాటుకున్న బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

పెట్టె: ఎస్టోనియా క్లుప్తంగా

ఎక్కడుంది: ఐరోపా ఈశాన్య మూలన, బాల్టిక్ సముద్రపు ఒడ్డున. తూర్పున రష్యా, దక్షిణాన లాత్వియా, సముద్రం దాటితే ఫిన్లాండ్.
ఎంత: సుమారు 45 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కూడా లేదు. దీవులే 2 వేలకు పైగా.
ఎందరు: 13 లక్షల చిల్లర. 2011 లెక్కల నాటి హైదరాబాద్ నగర జనాభాలో ఐదో వంతు.
కథ: 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. 1991 ఆగస్టు 20న మళ్లీ స్వతంత్ర దేశం. 2004లో నాటోలో, ఐరోపా సమాఖ్యలో చేరింది. 2011 నుంచి యూరో.
పేరు తెచ్చినవి: 2003లో వచ్చిన స్కైప్‌ను రూపొందించింది ఇక్కడి ప్రోగ్రామర్లే. 2005 నుంచి ఎన్నికల్లో ఇంటర్నెట్ ద్వారా ఓటు వేయొచ్చు.

చుట్టం లేని చోటు

అమెరికాలో ఏ పెద్ద నగరానికి వెళ్లినా మనవాళ్లుంటారు. తెలుగు సంఘం ఉంటుంది, ఇడ్లీ పిండి దొరికే దుకాణం ఉంటుంది, గదిలో నలుగురూ తెలుగువాళ్లే ఉంటారు. కొత్తగా వెళ్లినవాళ్లకు అదెంత ఆసరానో మాటల్లో చెప్పలేం. కానీ ఆ ఆసరా వల్లే చాలామంది పదేళ్లున్నా ఆ దేశపు ఇంటి గడప ఒక్కటీ తొక్కరు. ఎస్టోనియాలోనూ భారతీయులున్నారు. టాలిన్, టార్టు విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు, ఐటీ ఉద్యోగులు. కానీ ఏ చిన్న ఊళ్లోనో ఆతిథ్య కుటుంబంతో ఉండే మన అమ్మాయికి వాళ్లెవరూ అందుబాటులో ఉండరు. నవ్వాలన్నా ఏడవాలన్నా ఆ ఇంటివాళ్లతోనే.

మొదటి చిక్కు పిలుపు దగ్గరే వస్తుంది. ఆ ఇంట్లో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవమంటారు. ఎదురింటి ఆవిణ్ని ‘పిన్నిగారూ’ అని, ఆటో డ్రైవర్‌ను ‘అన్నా’ అని పిలిచి పెరిగిన పిల్లకు నలభై ఐదేళ్ల మనిషిని పేరుతో పిలవడానికి నోరు రాదు. కొన్నాళ్లు పేరే ఎత్తకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడుతుంది. ఎప్పుడో ఒక రోజు వంటింట్లోంచి పేరు పెట్టి కేకేస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇల్లు కాస్త సొంతమవుతుంది.

తర్వాత అమ్మ ఫోను. చలికాలంలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. ఏలూరులో రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర, బడి నుంచి వచ్చి ఆ ఇంటివాళ్లతో కూర్చునే వేళ.

“ఏం తిన్నావే?”
“బంగాళాదుంపలమ్మా.”
“నిన్న?”
“నిన్నా అవే. బాగానే ఉన్నాయిలే.”

రోజూ ఈ ఫోను వస్తే పిల్ల శరీరం అక్కడ, ప్రాణం ఇక్కడ ఉంటుంది. మొదటి నెలల్లో ఫోన్లు తగ్గించండని ఎక్స్ఛేంజ్ సంస్థలు తల్లిదండ్రులను బతిమాలేది ఇందుకే. తెలుగు తల్లికి ఇది పెద్ద పరీక్ష. ఆ ఏడాది పిల్లతో పాటు అమ్మ కూడా చదువుకోవాల్సి వస్తుంది.

తిండి సంగతి దాచక్కర్లేదు. నల్లటి రై రొట్టె, బంగాళాదుంపలు, పంది మాంసం, చేపలు, పెరుగు, పాలు. క్రిస్మస్‌కు రక్తంతో చేసే సాసేజ్, పులియబెట్టిన క్యాబేజీ. పూర్తి శాకాహారులకు చిన్న ఊళ్లలో ఇబ్బందే. ముందే గట్టిగా చెప్పుకుని వెళ్లాలి. కారం అన్నమాటే ఉండదు. కానీ శరత్కాలంలో ఆ ఇంటివాళ్లతో కలిసి అడవికెళ్లి పుట్టగొడుగులు ఏరుకొచ్చి, వాటిని మీగడలో వేయించుకు తిన్నవాళ్లకు ఆ రుచి గుర్తుండిపోతుంది. దేశంలో సగానికి పైగా అడవే. అందులో పండ్లు, పుట్టగొడుగులు ఏరుకునే హక్కు అందరికీ ఉంది. అమ్మమ్మ మనవరాలికి నేర్పే మొదటి పాఠాల్లో ఏ పుట్టగొడుగు తినాలో, ఏది విషమో చెప్పడం ఒకటి.

పరీక్ష పెట్టే నవంబరు

అసలు కష్టం నవంబరులో. అప్పటికి కొత్త తీరిపోయి ఉంటుంది, భాష ఇంకా వచ్చి ఉండదు. ఆకులు రాలిపోతాయి, మంచు మాత్రం ఇంకా పడదు. వానా, బురదా, చీకటీ. డిసెంబరులో టాలిన్‌లో పగలు ఆరు గంటలే; ఉదయం తొమ్మిది దాటాక సూర్యుడొచ్చి మూడున్నర కాకముందే వెళ్లిపోతాడు. చీకట్లో బడికి వెళ్లి చీకట్లో తిరిగి రావాలి. అందుకే కోటు జేబు నుంచి దారంతో మోకాలి ఎత్తున ఓ చిన్న బిళ్ల వేలాడుతూ ఉంటుంది. కారు దీపం పడితే తళుక్కుమంటుంది. చీకట్లో నడిచే ప్రతి మనిషీ దాన్ని పెట్టుకోవాలన్నది అక్కడి చట్టం. ఆతిథ్య కుటుంబం ఇచ్చే మొదటి వస్తువుల్లో అదొకటి. పిల్లి బొమ్మో, గుడ్లగూబ బొమ్మో ఉన్నది ఎంచి కోటుకు గుచ్చి పంపుతారు.

ఎండ ఎరిగిన ఒంటికి ఈ చీకటి మామూలు విషయం కాదు. నిద్ర ఎక్కువవుతుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తుంది. ‘ఇంటికి వచ్చేస్తా’ అనే ఫోను ఎక్కువగా వచ్చేది ఈ రోజుల్లోనే. అలాంటప్పుడు ధైర్యం చెప్పడానికి, అవసరమైతే ఇల్లు మార్పించడానికి సంస్థ తరఫున స్థానికంగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరు, ఫోన్ నంబరెంత, ఎన్నాళ్లకోసారి వచ్చి చూస్తారు అన్నవి విమానం ఎక్కక ముందే తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. మొహమాటపడితే నష్టపోయేది బిడ్డే.

ఆ చీకట్లో వాళ్లకు తోడు సవునా. రాళ్లు కాల్చి నీళ్లు చల్లి ఆవిరి పట్టే గది. దక్షిణాన వోరు ప్రాంతపు పొగ సవునా సంప్రదాయాన్ని 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన పిల్లలకు మొదట సిగ్గు. ఒంటి మీద ఈత దుస్తులుంచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. బడిలో పది మాటలు మాట్లాడని మనిషి ఆ వేడి గదిలో పక్కన కూర్చుని తన చిన్నతనం గురించి చెప్పడం మొదలెడతాడు.

పెట్టె: సముద్రం మీద రోడ్డు

చలి గట్టిగా పట్టిన ఏడాది ఎస్టోనియా ప్రధాన భూభాగానికీ దీవులకూ మధ్య సముద్రం గడ్డకడుతుంది. మంచు మందం కొలిచి, దాని మీద అధికారికంగా రోడ్డు తెరుస్తారు. హీయుమా దీవికి వెళ్లే దారి దాదాపు 25 కిలోమీటర్లు. ఇక్కడ సీటు బెల్టు పెట్టుకోకూడదు. మంచు విరిగితే వెంటనే బయటపడాలి కదా. కార్ల మధ్య చాలా దూరం ఉండాలి. చలికాలాలు వెచ్చబడుతున్న కొద్దీ ఈ దారులు తెరుచుకునే ఏడాదులు తగ్గిపోతున్నాయి.

భాష: వాళ్ల 10 లక్షలు, మన 8 కోట్లు

ఎస్టోనియన్ భాషకు ఇంగ్లిష్‌తోనూ రష్యన్‌తోనూ చుట్టరికం లేదు. ఫిన్నిష్‌కు దగ్గర, హంగేరియన్‌కు దూరపు బంధువు. నామవాచకానికి 14 విభక్తులు. ఐరోపా పిల్లలు దీన్ని చూసి హడలిపోతారు. తెలుగు పిల్లకు మాత్రం ఇందులో ఓ వెసులుబాటుంది. పదం చివర ప్రత్యయం చేర్చుకుంటూ పోయే పద్ధతి ఆమెకు పుట్టుకతో తెలుసు. ఒత్తు హల్లులూ దీర్ఘాలూ చెవికి కొత్త కాదు. పైగా ఆ భాషలో ఆడ, మగ తేడా లేదు.

అసలు అడ్డంకి వేరు. అక్కడి కుర్రకారుకు ఇంగ్లిష్ బాగా వచ్చు. మన అమ్మాయి తడబడుతుంటే జాలిపడి వెంటనే ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఆ దయ ఒప్పుకుంటే ఏడాది గడిచినా ఆమె అతిథిగానే ఉండిపోతుంది. ‘దయచేసి మీ భాషలోనే మాట్లాడండి’ అని పట్టుబట్టిన పిల్లలకే తరగతి గది, వంటింటి కబుర్లు, ముసలివాళ్ల జ్ఞాపకాలు తెరుచుకుంటాయి. ప్రపంచంలో పది లక్షల మందికి పైచిలుకు మాత్రమే మాట్లాడే భాషను ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల నేర్చుకుంటోందంటే ఊరు ఊరంతా పొంగిపోతుంది. పెద్ద దేశంలో నువ్వు ఇంగ్లిష్ మాట్లాడితే ఎవరికీ వింత కాదు. చిన్న దేశంలో నీ తప్పుల తడక వాక్యానికి బేకరీ ఆవిడ ముఖం వెలిగిపోతుంది.

ఇక్కడే తెలుగు పిల్ల మనసులో ఒక ప్రశ్న పడుతుంది. ఆమె పక్కన కూర్చున్న విద్యార్థి భౌతికశాస్త్రం, గణితం, జీవశాస్త్రం అన్నీ తల్లిభాషలోనే చదువుతున్నాడు. ఇంగ్లిష్ కూడా చక్కగా మాట్లాడుతున్నాడు. 2022 పీసా అంతర్జాతీయ పరీక్షల్లో గణితంలో, సైన్సులో ఐరోపా మొత్తంలో మొదట నిలిచింది ఈ దేశమే. టార్టు విశ్వవిద్యాలయాన్ని 1632లో స్వీడన్ రాజు స్థాపించాడు. తర్వాతి శతాబ్దాల్లో అక్కడ జర్మన్, రష్యన్ భాషలు రాజ్యమేలాయి. 1919లో దాన్ని ఎస్టోనియన్ విశ్వవిద్యాలయంగా మార్చుకున్నారు. సరిగ్గా ఏడాది ముందు, 1918లో, హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. టార్టు తన భాషను నిలబెట్టుకుంది. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగులో ఇంటర్ సైన్సు చదివే పిల్లలను మనం ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. ఇది ఎవరో ఉపన్యాసంలో చెబితే పిల్లల చెవికెక్కదు. తరగతి గదిలో కూర్చుని చూసిన పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరో సంగతి. అదే టార్టులో లిన్నార్ట్ మాల్ అనే ప్రాచ్యభాషా పండితుడు సోవియట్ కాలంలోనే సంస్కృతం బోధించాడు. ఆయన అనువదించిన భగవద్గీత 1980లో ఎస్టోనియన్‌లో అచ్చయింది. మనం పటంలో వెతుక్కుంటున్న దేశం మనల్ని ఎప్పుడో చదివింది.

పాటతో నిలబడ్డవాళ్లు

ఆ ఇంట్లో ఓ బామ్మ ఉందనుకుందాం. వసంతం వచ్చేసరికి మన పిల్లకు భాష ఓ మోస్తరుగా వచ్చింది. మార్చి 25న బామ్మ కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తుంది. 1949లో ఆ తేదీ నుంచి మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో 20 వేల మందికి పైగా ఎస్టోనియన్లను సోవియట్ పాలకులు పశువుల పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకు పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ దేశంలో ఈ గాయం తగలని వంశం అరుదు. పాఠ్యపుస్తకంలో ఒక పేరా ఉండే చరిత్ర భోజనాల బల్ల దగ్గర కూర్చుని వింటే వేరుగా ఉంటుంది.

తుపాకులున్న సామ్రాజ్యం ముందు ఆ చిన్న జాతి పాటతో నిలబడింది. 1869లో టార్టులో మొదలైన పాటల పండుగ ఇప్పటికీ ఐదేళ్లకోసారి జరుగుతుంది. ఒకే వేదిక మీద వేలాది మంది గొంతు కలుపుతారు. 1988 సెప్టెంబరులో టాలిన్ పాటల మైదానంలో సుమారు 3 లక్షల మంది చేరారని అంచనా. మరుసటి ఏడాది ఆగస్టు 23న ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు దాదాపు 20 లక్షల మంది చేతులు పట్టుకుని టాలిన్ నుంచి విల్నియస్ వరకు 600 కిలోమీటర్లకు పైగా మానవహారం కట్టారు. రెండేళ్లలో స్వాతంత్ర్యం వచ్చింది. 2025 జులైలోనూ ఆ మైదానం నిండిపోయింది.

ఎక్స్ఛేంజ్ పిల్లలకు నేనిచ్చే సలహా ఒకటే: గొంతు ఎలా ఉన్నా బడి గాయక బృందంలో చేరండి. మాట రాకముందే పాట వస్తుంది. అక్కడి స్నేహాలు తరగతిలో కంటే రిహార్సల్ గదిలో త్వరగా కుదురుతాయి.

జూన్ 23 రాత్రి ఊరూరా మంటలు వేస్తారు. ఆ రోజుల్లో పగలు పద్దెనిమిది గంటలకు పైమాటే. రాత్రి పదిన్నరకు కూడా వెలుతురుంటుంది. నవంబరులో వచ్చేస్తానని ఏడ్చిన పిల్ల ఆ మంట చుట్టూ తిరుగుతూ, ఇంకో నెల ఉండనివ్వమని అమ్మకు మెసేజ్ పెడుతుంది.

పెట్టె: ఎవరు పంపుతారు?

రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్: 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకు. స్థానిక రోటరీ క్లబ్ ద్వారా దరఖాస్తు. ఏడాదిలో ఒకటికి మించి ఇళ్లలో ఉంచుతారు. భోజనం, వసతి ఆతిథ్య క్లబ్, కుటుంబాలు చూసుకుంటాయి. విమానం, బీమా, వీసా ఖర్చు మనది.
ఏఎఫ్‌ఎస్, వైఎఫ్‌యూ: రుసుము ఉంటుంది, కొన్ని ఉపకార వేతనాలూ ఉంటాయి. మన దేశం నుంచి ఏ దేశాలకు అవకాశముందో ఏటా మారుతుంది, ముందే కనుక్కోవాలి.
యస్ పథకం: 2002లో అమెరికా ప్రభుత్వం పెట్టింది. ఖర్చంతా వాళ్లదే. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా దీని ద్వారా అమెరికా వెళ్లొచ్చారు.
ఎరాస్మస్ ప్లస్: కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థులకు. మన యూనివర్సిటీకి ఐరోపా యూనివర్సిటీతో ఒప్పందం ఉంటే ఒక సెమిస్టరో ఏడాదో ఉపకార వేతనంతో వెళ్లొచ్చు.

తిరిగొచ్చాక...

ఈ ఏడాదికి అడ్డంగా ఇక్కడున్న గోడ మనం కట్టుకున్నదే. పదహారు, పదిహేడేళ్లంటే మన దగ్గర ఇంటర్. ఈఏపీసెట్, జేఈఈ, నీట్. ఆ రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా పిల్లలది కాదు, ఏడాది సంగతి దేవుడెరుగు. ఎస్టోనియాలో చదివిన పదకొండో తరగతిని మన బోర్డు లెక్కలోకి తీసుకుంటుందా అన్నది బయల్దేరే ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చాలామందికి ఒక ఏడాది వెనకబడటం తప్పదు. ‘ఏడాది పోయింది’ అంటారు చుట్టాలు. లాంగ్‌టర్మ్ కోచింగ్ కోసం ఏడాది ఇచ్చేయడానికి వెనకాడని ఇళ్లు, ఈ ఏడాదికి మాత్రం ఎందుకు బెంబేలెత్తుతున్నాయో ఆలోచించాలి.

డిగ్రీ విద్యార్థులకు దారి కొంత సుగమమైంది. క్రెడిట్లను దాచుకునే అకడమిక్ బ్యాంక్ వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి కోర్సులు నడపడానికి 2022లో యూజీసీ నిబంధనలు సవరించింది. పాఠశాల స్థాయిలో మాత్రం ఇంటర్ బోర్డులు ఇలాంటి ఏడాదికి ఓ స్పష్టమైన మార్గదర్శకం ఇవ్వాలి. అది లేకపోతే ఈ అవకాశం డబ్బున్న అంతర్జాతీయ బడుల పిల్లలకే మిగులుతుంది. గురుకులాల పిల్లలు అమెరికా ఇళ్లలో ఏడాది నెగ్గుకొచ్చి చూపించారు. ఎస్టోనియాలోనూ, మరే చిన్న దేశంలోనైనా నెగ్గుకు రాగలరు. వాళ్లకు కావాల్సింది టికెట్ ఖర్చు, తిరిగొచ్చాక తరగతిలో సీటు.

ఇంకో మాట. మన పిల్లలను ఎవరో ఉచితంగా ఇంట్లో పెట్టుకుంటారని ఆశించే మనం, వాళ్ల పిల్లలకు మన ఇంటి తలుపు తీస్తున్నామా? ఈ సంస్థలు మన దేశానికీ విద్యార్థులను పంపుతాయి, ఇక్కడా ఆతిథ్య కుటుంబాల కోసం వెతుకుతాయి. ఏడాది కుదరకపోతే కొన్ని వారాలకు తీసుకునే వీలూ చాలా చోట్ల ఉంటుంది. మీ ఊళ్లో రోటరీ క్లబ్ ఉంటే ఈ వారం వెళ్లి అడగండి. పిల్లను పంపే ఉద్దేశం ఉన్నా లేకున్నా, ఒక బిడ్డకు గది ఇవ్వగలమని పేరు రాయించి రండి.